యూరప్ రైతు, నాణ్యత ప్రమాణాలు, న్యాయమైన బేరం: తరచుగా అడిగే ప్రశ్నలు

మా ఇంట్లో మిర్చి పండించేవాళ్లం. కాయ కోసి, కల్లంలో ఆరబెట్టి, బస్తాలు ఎత్తి యార్డుకు తోలితే, అక్కడ వ్యాపారి తాలూకు మనిషి మచ్చు తీసేవాడు. గుప్పెడు కాయ పట్టుకుని, ఒకటి విరిచి చూసి, "తేమ ఉంది, తాలు ఉంది" అని ఒక్క మాట అనేవాడు. ఆ మాటకే క్వింటాకు ధర పడిపోయేది. తేమ ఎంత ఉంది, ఎవరు కొలిచారు అని మా నాన్న ఏనాడూ అడగలేకపోయాడు. సాయంత్రంలోగా సరుకు అమ్ముడుపోకపోతే లారీ కిరాయి ఇవ్వడానికి కూడా చేతిలో డబ్బు ఉండేది కాదు మరి.

యూరప్ వ్యవసాయ నియమాల గురించి నేను చదవడం మొదలుపెట్టింది ఆ గుప్పెడు కాయల వల్లే. నాణ్యత ఏమిటో ఎవరు చెబుతారు, ఎవరు కొలుస్తారు, డబ్బు ఎన్ని రోజులకు చేతికొస్తుంది అన్న మూడు విషయాల మీద అక్కడ అరవై ఏళ్లుగా పోట్లాట నడుస్తోంది. స్నేహితులు, బంధువులు, ఎగుమతి చేద్దామనుకునే రైతు సంఘాల వాళ్లు నన్ను తరచుగా అడిగేవాటికి ఇక్కడ జవాబులు రాస్తున్నాను.

ఉమ్మడి వ్యవసాయ విధానం అంటే ఏమిటి? ఎందుకు పెట్టుకున్నారు?

యూరోపియన్ యూనియన్‌లోని దేశాలన్నీ కలిసి ఒకే వ్యవసాయ విధానం నడుపుతాయి. దాన్నే పొట్టిగా క్యాప్ అంటారు. 1957 నాటి రోమ్ ఒప్పందంలో దీని లక్ష్యాలు రాసుకున్నారు: దిగుబడి పెరగాలి, రైతుకు మర్యాదగా బతికేంత ఆదాయం రావాలి, మార్కెట్ ఊగిసలాడకూడదు, తిండికి కొరత రాకూడదు, కొనేవాళ్లకు ధర అందుబాటులో ఉండాలి. 1962లో అమలు మొదలైంది.

దీని వెనుక ఆకలి ఉంది. 1944-45 చలికాలంలో, జర్మన్ సైన్యం ఆక్రమణలో ఉన్న నెదర్లాండ్స్‌లో తిండి లేక సుమారు 20,000 మంది చనిపోయారు. తులిప్ దుంపలు ఉడకబెట్టుకుని తిన్నారు. ఆ దేశపు రైతు, రాజకీయ నాయకుడు సిక్కో మాన్‌షోల్ట్ యుద్ధం ముగిసిన వెంటనే వ్యవసాయ మంత్రి అయ్యాడు. 1958లో యూరప్ కూటమి మొత్తానికి మొదటి వ్యవసాయ కమిషనర్, అంటే మంత్రి లాంటి పదవిలోకి, వచ్చాడు. మళ్లీ అలాంటి చలికాలం రాకూడదన్న పట్టుదలతోనే క్యాప్‌కు రూపం ఇచ్చాడు.

మరి "వెన్న కొండలు, వైన్ చెరువులు" అంటారే, అదేమిటి?

మొదట్లో పద్ధతి చాలా సూటిగా ఉండేది. ప్రభుత్వం ఒక ధర ప్రకటిస్తుంది, మార్కెట్ ధర దానికంటే పడిపోతే సరుకు తనే కొంటుంది. ఎంత పండిస్తే అంత కొంటామన్నారు. రైతులు పండించారు. 1970లు, 80లు వచ్చేసరికి గోదాముల నిండా వెన్న, పాలపొడి, గోధుమ, గొడ్డు మాంసం పేరుకుపోయాయి. వాటిని వదిలించుకోవడానికి సబ్సిడీ ఇచ్చి మరీ బయటి దేశాలకు తోలారు. దానితో ఆఫ్రికాలో, ఆసియాలో రైతుల ధరలు దెబ్బతిన్నాయి. 1980 ప్రాంతంలో ఆ కూటమి బడ్జెట్‌లో దాదాపు మూడింట రెండు వంతులు వ్యవసాయానికే పోయేది.

1984లో పాలకు కోటాలు పెట్టారు. కోటా దాటి పాలు పోసిన రైతుకు జరిమానా. ఆ కోటాలు 2015 మార్చి 31 దాకా నడిచాయి. 1992లో ఐర్లాండ్‌కు చెందిన కమిషనర్ రే మెక్‌షారీ మద్దతు ధరలు కోసేసి, ఆ నష్టానికి బదులుగా రైతుకు నేరుగా డబ్బు ఇవ్వడం మొదలుపెట్టాడు. 2003 సంస్కరణతో, ఏ పంట వేశావన్నదానితో సంబంధం లేకుండా భూమి లెక్కన ఇవ్వడం వచ్చింది.

అంటే ఇప్పుడు అక్కడ కనీస మద్దతు ధర లేదా?

పేరుకు ఉంది. గోధుమకు టన్నుకు 101.31 యూరోలు అన్న అంకె చట్టంలో ఇప్పటికీ ఉంది. కానీ మార్కెట్ ధర మామూలుగా దానికి చాలా పైన ఉంటుంది. మార్కెట్ పూర్తిగా కుప్పకూలితే తప్ప అది పనికిరాదు. మన దగ్గర ఎంఎస్‌పీ గురించి మాట్లాడేటప్పుడు "యూరప్‌లో అన్ని పంటలకూ గ్యారంటీ ధర ఉంది" అని కొందరు చెబుతుంటారు. అది ముప్పై ఏళ్ల కిందటి మాట.

డబ్బు ఎంత, ఎలా ఇస్తారు?

2021 నుంచి 2027 వరకు క్యాప్‌కు కేటాయించింది సుమారు 38,700 కోట్ల యూరోలు. యూనియన్ బడ్జెట్‌లో అది మూడో వంతు దాకా ఉంటుంది. ఎక్కువ భాగం హెక్టారు లెక్కన, అంటే మన రెండున్నర ఎకరాలకు ఇంత అని, రైతు ఖాతాలో పడుతుంది. మిగతాది గ్రామీణాభివృద్ధికి పోతుంది.

ఊరికే ఇవ్వరు. నీటి కాలువల గట్టున మందులు కొట్టకూడదు, నేలను ఏడాది పొడవునా బోడిగా వదలకూడదు, పశువులను ఫలానా విధంగా చూసుకోవాలి అని షరతులు ఉంటాయి. 2023 జనవరి 1న వచ్చిన కొత్త క్యాప్‌లో, నేరుగా ఇచ్చే డబ్బులో కనీసం 25 శాతం పర్యావరణానికి మేలు చేసే పనులకు విడిగా పెట్టాలన్నారు. రైతు తన పొలం పటం ఆన్‌లైన్‌లో గీసి దరఖాస్తు చేసుకుంటాడు. ఉపగ్రహ చిత్రాలతో దాన్ని సరిచూస్తారు.

ఇంత నిఘా ఉన్నా మోసాలు ఆగలేదు. గ్రీస్‌లో తమవి కాని బీడు భూములను పచ్చిక బయళ్లుగా చూపించి సబ్సిడీ కాజేశారన్న కేసు 2025లో బయటపడింది. ఒక మంత్రి రాజీనామా చేయాల్సి వచ్చింది. నిజంగా కొండల మీద మేకలు కాసుకునే వాళ్ల డబ్బు ఆలస్యమైంది. నాకు అన్నిటికంటే బాధగా అనిపించింది అదే.

భూమి లెక్కన ఇస్తే పెద్ద ఆసామికే ఎక్కువ పోదా?

పోతుంది. సుమారు 80 శాతం డబ్బు 20 శాతం మందికే చేరుతోందని ఏళ్ల తరబడి విమర్శ ఉంది. యూనియన్‌కు ప్రభుత్వంలా పనిచేసే యూరోపియన్ కమిషన్ కూడా ఆ లెక్కను కాదనదు. సర్దడానికి ఇప్పుడు ప్రతి దేశం నేరుగా ఇచ్చే డబ్బులో కనీసం 10 శాతాన్ని చిన్న, మధ్య తరహా కమతాల వైపు మళ్లించాలనే నిబంధన తెచ్చారు. నా అభిప్రాయంలో అది చాలదు.

తెలంగాణలో 2018లో రైతుబంధు వచ్చినప్పుడు ఇదే ప్రశ్న లేచింది. ఎకరానికి సీజన్‌కు 4,000 రూపాయలతో మొదలైంది. పట్టాదారు పాస్‌పుస్తకం ఉన్నవాళ్లకే అందింది. కౌలు రైతుకు అందలేదు.

ఈ ఒక్క విషయంలో యూరప్ పద్ధతిలో నేర్చుకోవలసింది ఉంది. అక్కడ డబ్బు అడిగే హక్కు ఎవరు సాగు చేస్తున్నారో వాళ్లది, కౌలుదారుడైనా సరే. చిక్కేమిటంటే, సబ్సిడీ వస్తుందని తెలిసి భూమి యజమాని కౌలు పెంచేస్తాడు. ఒక చేత్తో వచ్చింది ఇంకో చేత్తో పోతుంది. ఫ్రాన్స్‌లో దానికి కొంత అడ్డుకట్ట ఉంది. 1946 నాటి కౌలు చట్టం ప్రకారం మామూలు కౌలు కనీసం 9 ఏళ్లకు ఉండాలి. కౌలు రేటుకు కనిష్ఠం, గరిష్ఠం జిల్లా స్థాయి ప్రభుత్వాధికారి ప్రకటిస్తాడు. తొమ్మిదేళ్లు పొలం తనదేనన్న ధీమా ఉంటే మనిషి మట్టిలో ఎరువు వేస్తాడు, గట్టు వేస్తాడు. ఏడాదికోసారి మారే కౌలులో అది ఆశించలేం.

అంత డబ్బు ఇస్తుంటే అక్కడి రైతులు బాగానే ఉండాలి కదా?

2005లో ఉన్నవాటిలో సుమారు 53 లక్షల కమతాలు 2020 నాటికి లేవు. 2020లో మిగిలినవి 91 లక్షలు. వాటిలో దాదాపు మూడింట రెండు వంతులు 5 హెక్టార్ల లోపువే. ఒక్క రొమేనియాలోనే 29 లక్షల దాకా ఉన్నాయి. మనం టీవీలో చూసే పెద్ద కంబైన్లు, గాజు గోడల పశువుల షెడ్లు అందరివీ కావు. కమతం నడిపేవాళ్లలో 40 ఏళ్ల లోపువాళ్లు వందకు పన్నెండు మంది మాత్రమే. "మా అబ్బాయి పొలం చేయనంటున్నాడు" అన్న మాట అక్కడా ప్రతి ఇంట్లో వినిపిస్తుంది.

2024లో ట్రాక్టర్లతో రోడ్లెక్కింది ఎందుకు?

ఒక్కో దేశంలో ఒక్కో కారణం. జర్మనీలో వ్యవసాయ డీజిల్‌పై పన్ను రాయితీ తీసేస్తామన్నారు. ఫ్రాన్స్‌లో, "అంతా తలకిందులుగా నడుస్తోంది" అని చెప్పడానికి రైతులు ఊరి పేర్ల బోర్డులను ఊడదీసి తిరగేసి బిగించారు. ఆ నిరసన 2023 చివర్లోనే మొదలైంది. పోలండ్‌లో ఉక్రెయిన్ నుంచి సుంకం లేకుండా వస్తున్న ధాన్యం వల్ల తమ ధర పడిపోయిందని రైతులు సరిహద్దు దారులను అడ్డగించారు. ఫిబ్రవరి 1న బ్రస్సెల్స్‌లో యూరప్ పార్లమెంటు ముందుకే ట్రాక్టర్లు చేరాయి.

కొన్ని విషయాల్లో అధికారులు దిగివచ్చారు. పురుగుమందుల వాడకాన్ని సగానికి తగ్గించాలన్న ప్రతిపాదనను కమిషన్ వెనక్కి తీసుకుంది. భూమిలో 4 శాతం సాగు చేయకుండా వదలాలన్న షరతును సడలించారు. 10 హెక్టార్ల లోపు రైతులకు ఈ షరతులపై తనిఖీలు, జరిమానాలు తీసేశారు. చిన్న రైతుకు కాగితాల పని తగ్గడం మంచిదే. కానీ ఆ రైతులు ప్లకార్డుల మీద ఎక్కువగా రాసుకున్నది ధర గురించి, తమ పంటకు తామే ధర చెప్పలేకపోవడం గురించి. అధికారులకు సులువుగా దొరికింది పర్యావరణ నియమాలను తగ్గించడం. సూపర్‌మార్కెట్లతో తలపడటం అంత సులువుగా దొరకలేదు.

కీర దోసకాయ ఎంత వంకర ఉండాలో కూడా చట్టం ఉండేదట, నిజమేనా?

నిజమే. 1988 నాటి నిబంధన ప్రకారం మేలు రకం దోసకాయ ప్రతి 10 సెంటీమీటర్ల పొడవుకు 10 మిల్లీమీటర్లకు మించి వంగకూడదు. దీన్ని చెప్పి నవ్వుకోవడం ఒక అలవాటుగా మారింది. కానీ దాని వెనుక ఒక అవసరం ఉంది. తిన్నని కాయలైతే ఒక పెట్టెలో ఎన్ని పడతాయో లెక్క తెలుస్తుంది. చూడకుండానే ఫోన్ మీద బేరం చేయవచ్చు. అలా వ్యాపారులు కోరిందే చట్టంలోకి ఎక్కింది.

2009 జూలై 1 నుంచి 26 రకాల కూరగాయలు, పండ్లకు ఆకారం నియమాలు ఎత్తేశారు. యాపిల్, నారింజ జాతి, కివి, లెట్యూస్, పీచ్, పియర్, స్ట్రాబెర్రీ, బెంగుళూరు మిరప, ద్రాక్ష, టమాటా ఈ పదింటికి మాత్రం ఉంచారు. వాటికి ఎక్స్‌ట్రా, ఒకటో తరగతి, రెండో తరగతి అని ఉంటాయి. మచ్చ ఎన్ని సెంటీమీటర్లు ఉండొచ్చో, సైజులో ఎంత తేడా ఉండొచ్చో రాసి ఉంటుంది.

చట్టం పోయింది కాబట్టి వంకర దోసకాయ దుకాణానికి వచ్చేసిందా అంటే, పెద్దగా రాలేదు. సూపర్‌మార్కెట్లు తమ సొంత కొలతలతో తిన్నని కాయలే అడుగుతున్నాయి.

ఇన్నేళ్లు చదివాక నాకు గట్టిగా అనిపించేది ఇక్కడ చెబుతాను. చట్టంలో రాసిన ప్రమాణం ఎంత విసుగు పుట్టించినా, అది అందరికీ ఒకటే, చదువుకోవచ్చు, అన్యాయం అనిపిస్తే అధికారిని పిలవవచ్చు. కొనేవాడి సొంత ప్రమాణం అతని నోటి మాట మీద ఉంటుంది. మార్కెట్‌లో సరుకు తక్కువగా ఉన్న వారం అన్ని కాయలూ మంచివే. సరుకు పోటెత్తిన వారం అదే కాయ వంకరైపోతుంది. మా యార్డులో తేమ సంగతీ ఇంతే.

గ్లోబల్ గ్యాప్ సర్టిఫికెట్ ప్రభుత్వానిదా?

కాదు. మంచి సాగు పద్ధతులు పాటించారని చూపడానికి 1997లో యూరప్ చిల్లర దుకాణాల సంస్థలు కలిసి మొదలుపెట్టిన ప్రైవేటు ప్రమాణం. అప్పట్లో పేరు యురెప్‌గ్యాప్, 2007లో మారింది. చట్టప్రకారం తప్పనిసరి కాదు. కానీ చాలా గొలుసు దుకాణాలు అది లేకపోతే కొనవు కాబట్టి రైతుకు తప్పనిసరే అయింది. తనిఖీ ఖర్చు అమ్మేవాడి మీదే పడుతుంది. ఒక్కో రైతు విడిగా కాకుండా సంఘంగా తీసుకుంటే భరించవచ్చు.

గుడ్డు మీద అంకెలు దేనికి?

మొదటి అంకె కోడిని ఎలా పెంచారో చెబుతుంది. 0 అంటే సేంద్రియం, 1 అంటే బయట తిరిగే కోడి, 2 అంటే షెడ్డులోనే కానీ పంజరం లేకుండా, 3 అంటే పంజరం. తర్వాత దేశం అక్షరాలు, ఆపైన ఫారం నంబరు. ఇరుకు బ్యాటరీ పంజరాలను 2012 జనవరి 1 నుంచి నిషేధించారు. కొనేవాళ్లు అంకె చూసి ఎక్కువ ధర ఇస్తున్నారు కాబట్టి, మంచిగా పెంచిన రైతుకు ఫలితం దక్కుతోంది. నాణ్యతను రైతుకు లాభంగా మార్చిన చిన్న ఉపాయాల్లో నాకు బాగా నచ్చింది ఇది.

ఊరి పేరుతో అమ్మే జున్ను (చీజ్), వైన్‌లకు రక్షణ ఎలా ఉంటుంది?

1992 నుంచి యూరప్‌లో ఆహార పదార్థాలకు రెండు ముఖ్యమైన ముద్రలు ఉన్నాయి. మొత్తం తయారీ అదే ప్రాంతంలో జరిగితే ఒకటి, కనీసం ఒక దశ ఆ ప్రాంతంలో జరిగి దాని పేరుప్రతిష్ఠ ఆ నేలకు ముడిపడి ఉంటే ఇంకొకటి. 2024లో ఈ నియమాలను ఒకే చట్టంలోకి తెచ్చారు.

ఇటలీలోని పార్మిజానో రెజ్జానో జున్నునే తీసుకోండి. పార్మా, రెజ్జో ఎమీలియా, మోడెనా జిల్లాలు, బొలోన్యా, మాంటోవా జిల్లాల్లో కొంత భాగం, ఇక్కడే తయారవ్వాలి. ఆవుకు మాగబెట్టిన గడ్డి (సైలేజీ) పెట్టకూడదు. పాలు, ఉప్పు, పాలు విరగడానికి వేసే రెన్నెట్ తప్ప ఇంకేమీ కలపకూడదు. దాదాపు 550 లీటర్ల పాలతో 40 కిలోల చక్రం ఒకటి వస్తుంది. అది కనీసం 12 నెలలు అరల మీద మాగాలి. ఏడాది నిండాక పరీక్షకుడు చిన్న సుత్తితో దాన్ని తట్టి, చెవి పెట్టి శబ్దం వింటాడు. లోపల బీట వారితే, గాలి బుడగ ఉంటే శబ్దం మారుతుంది. నెగ్గిన దానికి కాల్చి ముద్ర వేస్తారు. తప్పిన దాని మీద పేరు చెరిపేస్తారు.

ఆ సుత్తి పట్టుకున్న మనిషిని పంపేది కొనేవాడు కాదు. 1934లో ఉత్పత్తిదారులే పెట్టుకున్న సంఘం తరఫున అతను వస్తాడు. నియమం రాసుకున్నది వాళ్లే, కాపాడుకునేది వాళ్లే. మంచి ధర రావడానికి ఎంత తయారు చేయాలో కూడా చట్టం అనుమతితో ఆ సంఘమే ప్రణాళిక వేసుకుంటుంది. మా యార్డులో గుప్పెడు కాయ విరిచే చేతికీ, ఈ సుత్తి పట్టిన చేతికీ ఉన్న తేడా గురించి నేను చాలాసార్లు ఆలోచించాను. పరీక్ష రెండు చోట్లా ఉంది. ఇక్కడి పరీక్ష కంటే అక్కడిదే కఠినం కూడా.

పేరు కోసం పోరాటాలూ జరుగుతాయి. ఫెటా జున్ను తమదేనని గ్రీస్, అది మామూలు పేరే అని డెన్మార్క్, జర్మనీ కొట్లాడుకున్నాయి. 2005లో యూరప్ న్యాయస్థానం గ్రీస్ వైపు తీర్పు చెప్పింది. డెన్మార్క్ సంస్థలు బయటి దేశాలకు పంపే జున్నుకు ఆ పేరే వాడుతూ వచ్చాయి. 2022లో అదీ తప్పని తేలింది.

మన పంటలకు అక్కడ ఆ ముద్ర వస్తుందా?

వస్తుంది. డార్జిలింగ్ టీకి 2011లో, కాంగ్రా టీకి 2023లో వచ్చింది. బాస్మతి కోసం భారత్ 2018లో దరఖాస్తు చేస్తే పాకిస్తాన్ అభ్యంతరం చెప్పింది. మన దేశంలో జీఐ (భౌగోళిక గుర్తింపు) ఉన్నంత మాత్రాన అక్కడ రక్షణ దొరకదు, విడిగా అడగాలి. ముద్ర కంటే ముందు కావలసింది నియమాలను తామే రాసుకుని, తమలో తప్పు చేసినవాడి ముద్ర తామే చెరిపేయగల రైతుల సంఘం. అది లేని చోట జీఐ గోడ మీద వేలాడే సర్టిఫికెట్‌గానే మిగిలిపోతోంది.

కొనేవాడు డబ్బు ఆలస్యం చేస్తే, ఆర్డరు రద్దు చేస్తే రైతు ఏం చేయగలడు?

నా లెక్కలో ఈ మొత్తంలో అన్నిటికంటే విలువైన చట్టం ఇదే. 2019లో యూరప్ అన్యాయమైన వ్యాపార పద్ధతులపై ఒక ఆదేశం తెచ్చింది. దేశాలన్నీ దాన్ని 2021 నవంబరు నుంచి అమలు చేయాలి. మొత్తం 16 పద్ధతులను అందులో పేర్కొన్నారు. వాటిలో పది ఏ పరిస్థితిలోనూ కుదరవు.

పాడైపోయే సరుకుకు 30 రోజుల్లో, మిగతా వాటికి 60 రోజుల్లో డబ్బు ఇవ్వాలి. పాడైపోయే సరుకు అంటే కోత తర్వాత 30 రోజుల్లోపు అమ్మకానికి పనికిరాకుండా పోయేది. పాడైపోయే సరుకు ఆర్డరును 30 రోజుల కంటే తక్కువ వ్యవధిలో రద్దు చేయకూడదు. ఒప్పందం కుదిరాక కొనేవాడు తనంతట తానే ధర, పరిమాణం, నాణ్యత ప్రమాణం మార్చకూడదు. తన దగ్గరకు చేరాక పాడైన సరుకు నష్టాన్ని అమ్మినవాడి మీద వేయకూడదు. మాట్లాడుకున్నది కాగితం మీద పెట్టమంటే కాదనకూడదు. ఫిర్యాదు చేశాడన్న కోపంతో ఆ రైతు దగ్గర కొనడం మానేయకూడదు.

మిగతా ఆరు, ముందే స్పష్టంగా ఒప్పుకుంటేనే చెల్లుతాయి. అమ్ముడుపోని సరుకు తిప్పి పంపడం, అరలో పెట్టినందుకు రుసుము అడగడం, ప్రకటనల ఖర్చు వేయడం లాంటివి.

ఈ రక్షణ ఇద్దరి సైజు తేడాను బట్టి ఉంటుంది. ఏడాదికి 20 లక్షల యూరోల లోపు వ్యాపారం చేసే అమ్మకందారుకు, అంతకు మించి వ్యాపారం చేసే కొనుగోలుదారు నుంచి రక్షణ దొరుకుతుంది. అలా మెట్లు మెట్లుగా 35 కోట్ల యూరోల దాకా ఉంటుంది.

ఫిర్యాదు చేస్తే తర్వాత ఎవరు కొంటారు? ఆ భయం ఉండదా?

ఉంటుంది, చాలా ఉంటుంది. అందుకే పేరు బయటపెట్టవద్దని అడిగే హక్కు చట్టంలో ఉంది. రైతు సంఘం అతని తరఫున ఫిర్యాదు చేయవచ్చు. అధికారులు ఎవరూ ఫిర్యాదు చేయకపోయినా తామే దర్యాప్తు మొదలుపెట్టవచ్చు. స్పెయిన్‌లో జరిమానా పడిన సంస్థల పేర్లు బహిరంగంగా ప్రకటిస్తారు. అయినా చాలామంది నోరు మెదపరు. 2024 డిసెంబరులో కమిషన్ రాతపూర్వక ఒప్పందాలను తప్పనిసరి చేయాలని, దేశం దాటిన కేసుల్లో అధికారులు కలిసి పనిచేయాలని కొత్త ప్రతిపాదనలు తెచ్చింది.

పెట్టుబడి కంటే తక్కువకు కొనకూడదనే చట్టం ఉందా?

స్పెయిన్‌లో ఉంది. అక్కడి ఆహార గొలుసు చట్టం ప్రకారం గొలుసులో ప్రతి ఒక్కరూ తమకు సరుకు ఇచ్చినవాడి ఉత్పత్తి ఖర్చుకు తగ్గకుండా చెల్లించాలి. ఫ్రాన్స్‌లో 2018, 2021 చట్టాలు బేరాన్ని రైతు ఖర్చు దగ్గర నుంచి మొదలుపెట్టాలని, ముడి సరుకు ధరను మధ్యవాళ్లు కోసెయ్యకూడదని చెప్పాయి. అమలు అంత గట్టిగా లేదని అక్కడి రైతులే అంటున్నారు. ఖర్చు ఎంతో ఒక్కో పొలానికి ఒక్కోలా ఉంటుంది కాబట్టి నిరూపించడం కష్టం.

రైతులు కలిసి ధర మాట్లాడుకుంటే అది కుమ్మక్కు కాదా?

ఇద్దరు సిమెంటు వ్యాపారులు కలిసి ధర పెడితే నేరం. గుర్తింపు ఉన్న రైతు ఉత్పత్తిదారుల సంఘానికి మాత్రం మినహాయింపు ఉంది. పాల రైతులకు 2012లో దీన్ని స్పష్టంగా రాశారు. ఒక సంఘం ఆ దేశపు పాలలో 33 శాతం మించకుండా, యూరప్ మొత్తంలో కూడా నిర్ణీత వాటా మించకుండా ఉంటే, సభ్యులందరి తరఫున డెయిరీతో ధర బేరం చేయవచ్చు. మన ఎఫ్‌పీఓలు (రైతు ఉత్పత్తిదారుల సంస్థలు) చాలావరకు విత్తనాలు, ఎరువులు అమ్మే దుకాణాలుగానే ఉండిపోతున్నాయి. బేరానికి కూర్చోవడం వాటి అసలు పని.

మన మిర్చి, మామిడి, రొయ్య అక్కడికి పంపాలంటే ఏం చూసుకోవాలి?

మొదట మందుల అవశేషాలు. ఒక మందుకు ఆ పంటపై ప్రత్యేకంగా పరిమితి పెట్టకపోతే, మామూలుగా కిలోకు 0.01 మిల్లీగ్రామే వర్తిస్తుంది. అంటే వంద టన్నుల సరుకులో ఒక గ్రాము. పక్క చేలో కొట్టిన మందు గాలికి వచ్చి పడినా అది దాటిపోవచ్చు.

మిర్చికి అసలు గండం బూజు విషం, అఫ్లటాక్సిన్. మసాలా దినుసుల్లో బీ1 రకం కిలోకు 5 మైక్రోగ్రాములు, మొత్తం 10 దాటకూడదు. ఇది చేలో కంటే కల్లంలో ఎక్కువ పుడుతుంది. మట్టి మీద కాయ పోసి, రాత్రి మంచు పడ్డాక కప్పకుండా వదిలేస్తే వచ్చేది ఇదే. పట్టాలు వేసి ఆరబెట్టడం, బస్తా కట్టేముందు కాయ నిజంగా ఆరిందో లేదో మీటరుతో చూసుకోవడం ఖర్చు తక్కువ పనులే. ఇక రంగు కలపడం. 2003లో మన దేశం నుంచి వెళ్లిన కారంలో తిండిలో వాడకూడని సూడాన్ అనే రసాయన రంగు దొరికాక యూరప్ అత్యవసర తనిఖీలు పెట్టింది. కల్తీ చేసింది ఎక్కడో ఒకరిద్దరు, అనుమానం పడింది అందరి మీదా.

మామిడిలో పండు ఈగ కనిపించిందని 2014 మే 1న భారత మామిడినే ఆపేశారు. వంకాయ, కాకర, పొట్ల, చేమ కూడా ఆగాయి. ప్యాక్‌హౌస్‌ల తీరు మార్చాక 2015లో మామిడికి మళ్లీ తలుపు తెరిచారు. రొయ్యల్లో యాంటీబయోటిక్ అవశేషాలు దొరకడంతో 2016లో మన సరుకులో సగం కన్‌సైన్‌మెంట్లను సరిహద్దులో పరీక్షించాలన్నారు. దేశంలో ఎక్కువ రొయ్యలు పంపేది ఆంధ్రప్రదేశే కాబట్టి ఆ దెబ్బ భీమవరం చుట్టుపక్కల చెరువుల దాకా తగిలింది. జర్మనీలోనో నెదర్లాండ్స్‌లోనో ఉండే మనవాళ్లకు కరివేపాకు అంత ఖరీదుగా దొరకడానికీ ఈ అదనపు తనిఖీలు ఒక కారణం.

వాళ్ల దగ్గర నిషేధించిన మందులను మనకు అమ్ముతారట, ఇది న్యాయమా?

న్యాయం కాదు. యూరప్‌లో వాడకూడదన్న కొన్ని మందులను అక్కడి ఫ్యాక్టరీల్లోనే తయారుచేసి బయటి దేశాలకు అమ్మడం జరుగుతోంది. ఆ మందు కొట్టిన పంటను మళ్లీ వాళ్లే వెనక్కి పంపుతారు. ఫ్రాన్స్ 2022 నుంచి అలాంటి ఎగుమతిని నిషేధించింది. యూనియన్ మొత్తానికి అది రావాలని అక్కడి రైతులే అడుగుతున్నారు. తాము వాడలేని మందుతో పండించిన సరుకు తమతో పోటీకి రావడం వాళ్లకూ నష్టమే మరి. ఈ ఒక్క చోట గుంటూరు రైతు, ఫ్రాన్స్‌లోని బోర్డో రైతు ఒకే వైపు నిలబడతారు.

సేంద్రియం అని అమ్మాలంటే?

ఆకుపచ్చ మీద నక్షత్రాలతో ఆకు గుర్తు ఉంటుంది. కలిపిన పదార్థాల్లో కనీసం 95 శాతం సేంద్రియం అయితేనే ఆ గుర్తు. 2022లో అమల్లోకి వచ్చిన కొత్త చట్టం బయటి దేశాల చిన్న రైతుల బృందాలకు నియమాలు మార్చింది. బృందానికి 2,000 మందికి మించి సభ్యులు ఉండకూడదు. బృందం చట్టబద్ధంగా నమోదైన సంస్థ కావాలి. అంటే ఎగుమతిదారు కంపెనీ పేరు మీద సర్టిఫికెట్ ఉండి రైతులు జాబితాలో పేర్లుగా ఉండే పాత పద్ధతి చెల్లదు. మన్యంలో కాఫీ, మిరియాలు పండించే గిరిజన రైతులకు ఇది మొదట కష్టమే. రిజిస్ట్రేషన్, లెక్కలు, మీటింగులు, అంతా టెన్షన్. కానీ సర్టిఫికెట్ రైతుల చేతికే వస్తే, కంపెనీ మారినా అది వాళ్లతోనే ఉంటుంది.

2027 తర్వాత క్యాప్ ఏమవుతుంది?

2025 జూలైలో కమిషన్ 2028-34 బడ్జెట్ ప్రతిపాదన పెట్టింది. వ్యవసాయ నిధులను మిగతా ప్రాంతీయ నిధులతో కలిపి ఒకే జాతీయ ప్రణాళిక కింద ఇవ్వాలని, అందులో రైతులకు కనీసం 30,000 కోట్ల యూరోలు విడిగా ఉంచాలని, ఒక్కొక్కరికి ఏడాదికి లక్ష యూరోల పరిమితి పెట్టాలని అందులో ఉంది. కలిపేస్తే ఉమ్మడి విధానం అన్న మాటకే అర్థం పోతుందని రైతు సంఘాలు గట్టిగా వ్యతిరేకించాయి. పరిమితి పెట్టడం మాత్రం నాకు సమంజసంగానే అనిపిస్తుంది.

మా సంఘం యూరప్ కంపెనీకి నేరుగా సరుకు పంపుతోంది. ఆ 30 రోజుల చట్టం మాకూ వర్తిస్తుందా?

వర్తిస్తుంది. చాలామందికి తెలియనిది ఇదే. అమ్మేవాడు, కొనేవాడు ఇద్దరిలో ఒక్కరు యూనియన్‌లో ఉన్నా ఆ ఆదేశం పనిచేస్తుంది. అంటే చిత్తూరు జిల్లా మామిడి రైతుల సంఘం నెదర్లాండ్స్‌లోని పెద్ద దిగుమతిదారుకు నేరుగా అమ్మితే, డబ్బు 30 రోజుల్లో రాకపోతే, ఆ దేశపు అధికారికి ఫిర్యాదు చేయవచ్చు. ఎండుమిర్చి అయితే 60 రోజులు. మధ్యలో మన దేశపు ఎగుమతిదారు ఉంటే మాత్రం యూరప్ కంపెనీతో ఒప్పందం అతనిది, మీది కాదు. ఆ చట్టం మీకు అందదు.

అందుకని సంతకం పెట్టేముందు కొన్ని చూసుకోండి. ఒప్పందం ఎవరి పేరు మీద ఉంది, డబ్బు ఇచ్చే గడువు ఏ రోజు నుంచి లెక్క, నాణ్యత ప్రమాణం అంకెల్లో రాసి ఉందా, పరీక్ష ఏ ల్యాబ్‌లో చేస్తారు, ఫలితంలో తేడా వస్తే రెండో నమూనా ఎవరి దగ్గర ఉంటుంది. లోడు ఎత్తే రోజు ఇద్దరి ఎదుట మచ్చు తీసి, సీలు వేసి, ఒక పొట్లం మీ దగ్గర ఉంచుకోండి.